మాత్ర పట్టిన చెయ్యి

మొన్న ప్రిస్కిల్లా అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. బైబిలు స్కూల్లో చదువు ముగించి, సువార్త కూటాల్లో తమిళ ప్రసంగాలకు తెలుగు తర్జుమా చేసే పని కొత్తగా మొదలుపెట్టింది. నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని, "అయ్యగారూ, వేదిక మీద మాట దొరక్కపోతే మీరేం చేసేవాళ్లు?" అని అడిగింది.

పుత్తూరు, నగరి, చిత్తూరు చుట్టుపక్కల ముప్పై ఆరేళ్లు సంఘకాపరిగా పని చేశాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా తర్జుమా కూడా చేశాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. "మాట దొరక్కపోతే ఏముందమ్మా, పక్కమాట దొరుకుతుంది. అదీ దొరక్కపోతే ఒకసారి దగ్గు, ఆ లోపల ఏదో ఒకటి వస్తుంది" అన్నాను. ఆ పిల్ల నవ్వుకుంటూ రాసుకుంది.

ఆమె వెళ్లాక నాకే సిగ్గేసింది. అడిగినదానికి చెప్పి పంపాను గానీ, చెప్పాల్సింది చెప్పలేదు. మాట చక్కగా, వెన్నలా నోటికి వచ్చినప్పుడు ఏం చేశారని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. దానికి నా దగ్గరున్న జవాబు ఒక దగ్గుతో గట్టెక్కేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ సంఘం ఇచ్చారు, ఏ మహాసభలో ఏ శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. వాటిని చదివి బాగుపడినవాళ్లను నేను చూడలేదు.

యోనా అయ్యగారి దగ్గర

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నా పైన యోనా అయ్యగారు ఉండేవారు. బక్కపల్చని మనిషి. పాత సైకిలు, దానికి వెనక కట్టిన గుడ్డసంచి, అందులో బైబిలు, ఒక టార్చిలైటు, నాలుగు వేరుశనగ ఉండలు. ప్రసంగం గొప్పగా చేసేవారు కాదు. మా సంఘంలోనే కొందరు కునుకు తీసేవాళ్లు. ఆయన అసలు పని ప్రసంగం అయ్యాక మొదలయ్యేది.

ఎవరింట్లోనైనా జబ్బుగా ఉందంటే నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని వెళ్లేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను గడపలోనే చేతులెత్తి ప్రార్థన అందుకున్నాను. అయ్యగారు నా మోచెయ్యి పట్టి కిందికి లాగారు.

"ఆగరా సామేలూ. మాత్రలు యాడ పెట్టుకున్నారో అడుగు ముందు. ఏసుకుంటాండారో లేదో సూడు. ఆ తర్వాత ప్రార్థన."

ఆ ఇంటివాళ్లు గూట్లోంచి మాత్రల అట్ట తెచ్చిచ్చారు. అయ్యగారు దాన్ని రోగి అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని, "ప్రభువా, ఈ బిడ్డను ముట్టు. ఈ మాత్రను గూడా నీదిగా సేసుకో" అని ప్రార్థించారు. అంతే. నూనె లేదు, కేకలు లేవు. ఎక్కడికి వెళ్లినా ఆయన పద్ధతి అదే. ఇంట్లో మాత్ర ఉండి, అది చేతిలో పెట్టకుండా రోగి కోసం ప్రార్థన చేసిన రోజు నాకు గుర్తు లేదు.

దారిలో అడిగాను, దేవుడు మాత్ర లేకుండా బాగుచెయ్యలేడా అని. "సేస్తాడు. అది ఆయన ఇష్టం. మాత్ర మానుకోమని సెప్పేదానికి మాత్రం నీకు నాకు హక్కు లేదురా అబ్బా" అన్నారు.

తర్జుమాలోకి నన్ను దింపింది కూడా ఆయనే. మా అమ్మ తిరుత్తణి మనిషి. నాకు దేవుణ్ణీ తమిళాన్నీ కలిపే నేర్పింది. ఇక్కడ సరిహద్దు దగ్గర కాబట్టి అవతలి నుంచి మంచి బోధకులు వచ్చేవారు. వాళ్ల పక్కన నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవాడు కావాలి. మొదటి కూటంలో నేను ఎంత భయపడ్డానంటే, బోధకుడు తమిళంలో చెప్పిందాన్ని నేను తమిళంలోనే ఇంకా గట్టిగా చెప్పాను. పందిరంతా నవ్వింది. అయ్యగారు కూడా తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు ఇంటికి వస్తూ ఆయన ఇంకో మాట కూడా అన్నారు.

"మాట ఆయనది. నోరు నీది. ఊళ్లోవాళ్లకు తెలిసింది నీ నోరేరా. అది మరిచిపోవద్దు."

ఆ వయసులో నాకు అది మెప్పులాగా వినపడింది.

రాహేలమ్మ

నగరి దగ్గర ఒక నేతపేటలో మా సంఘం ఉండేది. రేకుల కప్పు, లోపల చాపలు, ఆడవాళ్లవైపు ఒక కిటికీ. ఆ కిటికీ కింద రాహేలమ్మ కూర్చునేది. ఆమె, ఆమె భర్త గుణశేఖరు మరమగ్గాల షెడ్డులో పని చేసేవాళ్లు. ఆయన మగ్గం నడిపితే ఆమె దారం కండెలు చుట్టేది.

రాహేలమ్మకు చిన్నప్పటి నుంచి ఫిట్సు. పెళ్లయిన కొత్తలో నాలుగైదు రోజులకొకసారి పడిపోయేదట. గాలి సోకిందని, దిష్టి తగిలిందని ఇంటివాళ్లు తిప్పని చోటు లేదు. చివరికి ఎవరో చెబితే మా సంఘానికి వచ్చారు. యోనా అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మరుసటి రోజే వేలూరు బస్సెక్కించి పెద్ద డాక్టరుకు చూపించారు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాసిచ్చారు. జీవితాంతం మానకూడదన్నారు. మాత్రలు మొదలుపెట్టాక ఆమె మళ్లీ పడిపోలేదు. ఏళ్లు గడిచాయి. అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, ఆ సంఘం నాకిచ్చారు, ఆమె మాత్ర మాత్రం తప్పలేదు.

ఆ రోజుల్లో మాకు కీబోర్డు లేదు, డ్రమ్ములు లేవు. ఎవరో ఒకరు పాట ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. పాట ఎత్తడం రాహేలమ్మ వంతు. మరమగ్గాల చప్పుడులో రోజంతా పాడుకున్న గొంతు అది. టకటకల మీదుగా అవతలి వరసలో ఉన్న మొగుడికి వినపడాలి కదా. రేకుల కప్పు కింద ఆమె మొదటి చరణం అందుకుంటే, చాపల మీద కూర్చున్నవాళ్లు వెన్ను నిటారు చేసేవాళ్లు. శ్రుతి ఒక్కోసారి ఎక్కువ ఎత్తేది. మగవాళ్లం అందుకోలేక సగంలో దిగిపోయేవాళ్లం. "అమ్మా, కొంచెం తగ్గించి ఎత్తమ్మా" అంటే, "మీరే కొంచెం ఎక్కి రండయ్యా" అనేది.

ఆ గొంతు కోసం నేను ఇప్పటికీ చెవులు రిక్కిస్తాను. ఈ వయసులో నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

పెద్ద పందిరి

మా పైన ఒక చైర్మన్‌గారు వచ్చారు. మాటకారి, ఇస్త్రీ నలగని మనిషి. ఎవరికి ఏ సంఘం ఇవ్వాలో ఆయన చేతిలో ఉండేది. ఆయనకు వంగినవాడికి పట్నం, వంగనివాడికి బస్సు రాని పల్లె. నాకు తిరుపతి సంఘం మీద ఆశ. మా ఆవిడ మోకాళ్లు అరిగిపోయి కుంటుతోంది, అక్కడైతే వైద్యం దగ్గర అని చెప్పుకునేవాణ్ణి. అది నిజమే. పెద్ద సంఘం, పెద్ద మైకు కావాలని ఉండడం కూడా నిజమే.

ఆ సంవత్సరం చైర్మన్‌గారు పుత్తూరులో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టించారు. పేరున్న బోధకుణ్ణి పిలిపించారు. అభిషేకం చేసిన నూనె సీసాలు, రుమాళ్లు, ముఖద్వారం దగ్గర ఆయన నిలువెత్తు బొమ్మలు. తర్జుమాకు నన్ను పిలిచారు. "ఇది బాగా నడిపించు పాస్టరూ. తిరుపతి సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

మొదటి సాయంత్రం ఒక మనిషి చంకకర్రలతో వేదిక ఎక్కాడు. బోధకుడు నెత్తిన చెయ్యి పెట్టి అరవగానే కర్రలు పారేసి నడిచాడు. జనం లేచి నిలబడ్డారు. నేను మాత్రం అతణ్ణి గుర్తుపట్టాను. రెండు నెలల కిందట నాయుడుపేట కూటాల్లో ఇదే మనిషి, ఇవే కర్రలు పారేయడం నేను చూశాను. అక్కడా తర్జుమా నేనే.

మరుసటి రోజు పందిరి వెనక టీ బంకు దగ్గర అతను కనపడ్డాడు. కర్రలు లేవు, చేతిలో టీ గ్లాసు ఉంది. "ఇదేందప్పా?" అన్నాను. అతను తల కూడా దించలేదు.

"పొట్టకూటికి అయ్యా. నేను కట్టెలు పారేస్తాండా, మీరు మైకు పట్టుకుని దాన్ని తెలుగులో సెప్తాండారు. ఇద్దరిదీ ఒగటే పని గదా?"

టీ బంకు రెడ్డప్ప అది విని నావైపు చూశాడు. రెడ్డప్ప నాకు పాత స్నేహితుడు. నెలకొకసారి మెట్లదారిన తిరుమల ఎక్కే భక్తుడు. నేనేం జవాబు చెబుతానో అని చూశాడు. నేను టీ తాగకుండానే వచ్చేశాను.

అప్పుడే పందిరి వదిలి ఇంటికి వెళ్లుంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. అదే రోజు సాయంత్రం మళ్లీ వేదిక ఎక్కాను.

బోధకుడు స్వస్థత గురించి మాట్లాడుతూ, నమ్మినవాడికి ఇంకా మందులెందుకని తమిళంలో అన్నాడు. చప్పగా అన్నాడు. దానికి తెలుగు నేను వెతుక్కోలేదు, అదే వచ్చి నోట్లో కూర్చుంది.

"మాత్ర పట్టిన చెయ్యి ప్రభువును పట్టలేదు!"

పందిరి దద్దరిల్లింది. హల్లెలూయాలు ఆగలేదు. బోధకుడు నావైపు తిరిగి భుజం తట్టాడు. ఆయన తమిళానికి రాని చప్పట్లు నా తెలుగుకు వచ్చాయి. యోనా అయ్యగారి సైకిలు, గూట్లోని మాత్రలు, ఆ అరచేతులు ఏవీ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. చప్పట్లు ఒక్కటే వినపడ్డాయి. దిగివచ్చాక కూడా ఆ వాక్యాన్ని రెండుసార్లు నాలో నేనే చెప్పుకుని చూసుకున్నాను, ఎంత బాగా కుదిరిందో అని.

ఆరో వరసలో రాహేలమ్మ కూర్చుని ఉంది.

గంజి

పదిరోజులకు గుణశేఖరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అన్నం వారుస్తూ రాహేలమ్మ ఫిట్సు వచ్చి పడిపోయింది, గంజి కుడిచేతి మీద ఒలికిపోయింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి మోచేతి దాకా కట్టు కట్టి పడుకోబెట్టారు.

"మాత్ర ఏసుకోలేదామ్మా?" అన్నాను.

"కూటాల కాడ్నించి వచ్చినాక పారేసినా అయ్యా."

"ఎందుకమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీరే సెప్పినారు గదయ్యా."

"అది ఆయన చెప్పింది. నేను తర్జుమా చేశాను, అంతే."

"ఆయన సెప్పింది నాకేం తెలుస్తాది? నాకు అరవం రాదు. నాకు తెలుగులో సెప్పింది మీరు."

మంచం పక్కన ముక్కాలి పీట ఉంది. దానిమీద కూర్చున్నాను. బయటికి వెళ్లి మందుల షాపులో అవే మాత్రలు ఒక అట్ట కొనితెచ్చి ఆమె తలగడ దగ్గర పెట్టాను. "నేను తప్పు చెప్పానమ్మా. వేసుకో" అన్నాను.

ఆమె అట్టను ముట్టుకోలేదు. "నా ఇస్వాసం తక్కువై పడిపోయినానేమో అయ్యా. ఇంగా గట్టిగా పట్టుకోవాల."

"కాదు తల్లీ. ఆ మాటే తప్పు."

"అట్లయితే మైకులో సెప్పండి. పదిమందిలో సెప్పిన మాట దేవుని మాట. సెవిలో సెప్పేది మనిషి మాట. ఆ పొద్దు మైకులో సెప్పినారు. ఇప్పుడు సెవిలో సెప్తాండారు. నేను ఏది నమ్మేది?"

తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను, ఆమె మొండితనం చేసిందా అని. లేదు. నేనే ఏళ్ల తరబడి ఆ వేదిక మీది నుంచి వాళ్లకు నేర్పిన సంగతి అది. ప్రసంగంలో చెప్పింది వాక్యం, అరుగు మీద చెప్పింది ముచ్చట. ఆమె బాగా నేర్చుకుంది.

"ఆదివారం చెప్తానమ్మా" అన్నాను.

మూడు ఆదివారాలు

మొదటి ఆదివారం అంతా సిద్ధం చేసుకుని వెళ్లాను. చైర్మన్‌గారు వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సంగతి ఎవరో ఆయన చెవిన వేసేశారు. ఆరాధనకు ముందే నన్ను పక్కకు పిలిచి, "ఏదో చెప్పబోతున్నావంట. మూడు వారాలు ఓర్చుకో పాస్టరూ. తిరుపతి ఆర్డరు సంతకానికి పోయింది. ఆ తర్వాత నీ ఇష్టం, ఏమైనా చెప్పుకో" అన్నారు. ఆ రోజు నేను ఓర్పు గురించి ప్రసంగం చేశాను. దేవుడు నన్ను క్షమించాలి.

రాహేలమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీ కింద కూర్చుంది. పాట ఎత్తింది. శ్రుతి ఎప్పటిలాగే ఎక్కువ ఎత్తింది.

రెండో ఆదివారం, వైద్యులను కూడా దేవుడే ఇచ్చాడని, అపొస్తలుల వెంట ఒక వైద్యుడు నడిచాడని చెప్పాను. కర్ర విరగకుండా పాము చావకుండా చెప్పాను. ఆరాధన అయ్యాక ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"అది గాదయ్యా. ఆ మాట తప్పని సెప్పాల."

"చెప్తానమ్మా."

"సరేనయ్యా" అంది. ఆమె మాటలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ వారం గుణశేఖరు నా దగ్గరికి వచ్చాడు. విడిగా కొనుక్కొచ్చిన మాత్రను పొడి చేసి రాగిసంగటిలో కలిపి పెట్టాడట. ఆమె నాలుకకు తెలిసిపోయి ఆ పూట అన్నమే మానేసింది. "మీరు ఒగ మాట సెప్తే అయిపోయేదానికి, నేను దొంగతనంగా పెట్టాల్సి వచ్చిండాదయ్యా" అన్నాడు. అతను ఎదురు మాట్లాడే మనిషి కాదు. అంతమాట అన్నందుకు తనే తల దించుకున్నాడు.

టీ బంకు రెడ్డప్ప అయితే దాచుకోలేదు. పుత్తూరు వెళ్లినప్పుడు బల్ల మీద గ్లాసు పెడుతూ అడిగేశాడు.

"ఏమప్పా సామేలూ, ఆ యమ్మ సంగతి ఇన్నా. మా కొండకు పోయేవాళ్లు గూడా షుగరు మాత్ర జోబీలో ఏసుకునే మెట్లెక్కుతారబ్బా. దేవుడు ఏమన్నా కోప్పడినాడా? నువ్వు సదువుకున్నోడివి, ఒగ మాట సెప్పేదానికి ఏమొచ్చిండాది నీకు?"

నాకేమొచ్చిందో నాకు తెలుసు. తిరుపతి వచ్చింది. దాన్ని రెడ్డప్పకు చెప్పలేక టీ తాగేశాను.

మూడో ఆదివారం ఆమె నన్ను ఏమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ ఒకసారి చూసింది. సోమవారం సంతకమవుతుంది, వచ్చే ఆదివారం తప్పకుండా చెప్పేస్తాను, ఇంకేముంది ఒక్క వారమే కదా అనుకున్నాను.

సోమవారం సంతకమైంది. శనివారం పొద్దున రాహేలమ్మ పెరట్లో గుడ్డలుతుకుతూ పడిపోయింది. నీళ్ల తొట్టిలోకి ముఖం వాలిపోయింది. మోకాటి లోతు కూడా లేని సిమెంటు తొట్టి. గుణశేఖరు షెడ్డులో ఉన్నాడు. మగ్గాల చప్పుడులో ఏమీ వినపడలేదు.

మైకు లేని చోట

ఆదివారం సమాధి చేశాం. పెట్టె దింపాక నేను ప్రార్థన పుస్తకం మూసేశాను. జనం చాలామంది వచ్చారు. కూటాలకు వచ్చినవాళ్లే సగంమంది. చైర్మన్‌గారు కూడా వచ్చి గొడుగు కింద నిలబడ్డారు.

"కూటాల్లో నేను ఒక మాట చెప్పాను" అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. "మాత్ర పట్టిన చెయ్యి ప్రభువును పట్టలేదని చెప్పాను. అది తప్పు."

గుంత అవతల నిలబడ్డ గుణశేఖరు తలెత్తాడు.

"గట్టిగా సెప్పండయ్యా. ఆమెకు ఇనపడాల."

అక్కడ మైకు లేదు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. ఆ మాట తప్పు. అది ప్రభువు మాట కాదు. కర్రలు పారేసిన మనిషిని నేను నాయుడుపేటలో కూడా చూశాను, చూసి ఊరుకున్నాను. ఎవరూ మాత్రలు మానొద్దు. మానినవాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి. ఇంతే చెప్పాను. అందంగా ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పదలుచుకోలేదు.

చైర్మన్‌గారు మధ్యలోనే వెళ్లిపోయారు. నాలుగు రోజుల్లో తిరుపతి ఆర్డరు రద్దయింది. చిత్తూరుకు అవతల, బస్సు దిగి మూడు మైళ్లు నడవాల్సిన సంఘానికి వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. మా ఆవిడ ఆ అరిగిన మోకాళ్లతోనే మూడు మైళ్లూ నడిచింది, ఒక్క రోజు కూడా నన్ను దెప్పలేదు. "ముందే సెప్పింటే ముందే వచ్చింటిమి ఈడికి" అని మాత్రం ఒకసారి అంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సమాధి అయిన సాయంత్రమే నలుగురైదుగురు ఒక్కొక్కరుగా నా ఇంటికి వచ్చారు. ఒకామె కొంగుముడి విప్పి షుగరు మాత్రలు చూపించింది. ఒక ముసలాయన బీపీ మాత్రలు తెచ్చాడు. కూటాల తర్వాత మానేశామన్నారు. "మళ్లీ ఏసుకోవచ్చునా అయ్యా, తప్పు గాదా?" అని పసిపిల్లల్లా అడిగారు. యోనా అయ్యగారి పద్ధతి అప్పుడు గుర్తొచ్చింది. మాత్రలు వాళ్ల అరచేతుల్లో పెట్టించి, ఆ చేతులు పట్టుకుని ప్రార్థన చేశాను. కొత్త సంఘంలో కూడా నెల మొదటి ఆదివారం అదే చేశాను. తోటి పాస్టర్లు నాకు "మాత్రల అయ్యగారు" అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నా ఉద్యోగంలో నాకు వచ్చిన బిరుదు అదొక్కటే. దాన్ని నేను వద్దనుకోలేదు.

ప్రిస్కిల్లాకు

అమ్మా, నువ్వు అడిగినదానికి ఇప్పుడు సరిగా చెబుతాను.

దొంగ బోధ అనేది కొమ్ములు పెట్టుకుని రాదు. మంచి సౌండ్ సిస్టంతో వస్తుంది. దాని పక్కన నీలాంటి, నాలాంటి నమ్మకమైన మనిషి ఒకరు నిలబడితేనే దానికి మన ఊళ్లో కాళ్లొస్తాయి. ఆ బోధకుణ్ణి నేను ఇప్పుడు పెద్దగా తిట్టుకోను. మా పేటలో ఒక్కరికి కూడా ఆయన తెలియదు. నేను తెలుసు. ఎవరి పెళ్లికి ప్రార్థన చేశానో, ఎవరి బిడ్డకు పేరు పెట్టానో వాళ్లందరికీ నేను తెలుసు. అంత తెలిసిన నోటిని తీసుకెళ్లి ఆయనకు ఇచ్చేశాను.

నీకు ఒప్పుదల కాని మాట వచ్చినప్పుడు ఊరుకో. మైకు దించేయి. వాళ్లు కోప్పడతారు, మళ్లీ పిలవరు. పిలవకపోతే పోనీ. కాకపోతే ఒకటి. తప్పు మాట నోరు దాటిందనుకో, ఆదివారం దాకా ఆగొద్దు. ఆ పూటే, అదే మైకులో వెనక్కి తీసుకో.

నీ ముందు ధైర్యవంతుడిలా మాట్లాడుతున్నాననుకోకు. నేను చెప్పాల్సిన వేళకు చెప్పినవాణ్ణి కాదు.

ఇప్పుడు మేం చిత్తూరులో చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నాం. పక్క వీధి సంఘానికి వెళ్తాం. మంచి కాపరి, మంచి పిల్లలు. కీబోర్డు ఉంది. పాట ముందు ఆ అబ్బాయి మీటలు నొక్కి శ్రుతి ఇస్తాడు. ఆ ఒక్క క్షణం నాకు కష్టంగా ఉంటుంది. కిటికీ వైపు చూస్తాను. ఎవరైనా కొంచెం ఎక్కువ ఎత్తితే బాగుండునని, నేను అందుకోలేక సగంలో దిగిపోతే బాగుండునని అనిపిస్తుంది. "మీరే కొంచెం ఎక్కి రండయ్యా" అనేవాళ్లు లేరు.

నేతపేట వదిలి వచ్చిన రోజు గుణశేఖరు బస్సు దాకా వచ్చాడు. మా ఆవిడ సంచి మోసుకొచ్చి లోపల పెట్టాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి ఒక పాటల పుస్తకం నా చేతికిచ్చాడు. రాహేలమ్మది. అంచులు నలిగిపోయి, అట్టకు మగ్గం దారంతో కుట్టు వేసి ఉంది.

"ఆమె పెట్టెలో ఉన్నిందయ్యా. మీకే ఇయ్యాలనిపించె."

తెరిచాను. మధ్యలో ఒక పేజీ దగ్గర, ఆసుపత్రిలో ఆమె తలగడ పక్కన నేను పెట్టి వచ్చిన మాత్రల అట్ట ఉంది. ఆమె దాన్ని పారేసిందనే అప్పటిదాకా అనుకున్నాను.

"మీరు మైకులో సెప్పిన పొద్దు ఏసుకుంటానని దాసిపెట్టుకునిందయ్యా. ఆదివారం వచ్చినప్పుడంతా పుస్తకంలో పెట్టుకునే సంఘానికి వచ్చిండేది."

బస్సు కదిలింది. అట్టను వెనక్కి తిప్పి చూశాను. పది మాత్రలూ అలాగే ఉన్నాయి.